కెమెరా కొనే ముందు ఒక టేపు కొనుక్కో

ప్రశ్న: అన్నా, మాది గాజువాక. డిగ్రీ అయ్యాక రెండేళ్లుగా పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీస్తున్నాను. సినిమాటోగ్రాఫర్ అవ్వాలని ఉంది. ఫోన్లో పరిచయమైన ఒకాయన యాభై వేలు కడితే హైదరాబాద్‌లో పెద్ద సినిమాకి అసిస్టెంట్‌గా పెట్టిస్తానంటున్నాడు. కట్టమంటారా? లేక లోన్ తీసుకుని మంచి కెమెరా కొనుక్కోనా? నాన్న రోజూ ఏం చేస్తావని అడుగుతున్నారు, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ఒక్క రూపాయి కూడా కట్టకు. అసిస్టెంట్లను ఎంచుకునేది సినిమాటోగ్రాఫరే. లక్షల ఖరీదు చేసే లెన్సును ఎవరి చేతిలో పెట్టాలో ఆయనకు ఆయనే చూసుకుంటాడు, మధ్యవాళ్ల మాట మీద పెట్టడు. లోన్ కూడా వద్దు. సినిమాలకు కెమెరా, లెన్సులు అద్దెకు వస్తాయి, కొత్తగా చేరిన కుర్రాణ్ని నీ కెమెరా ఏదని ఎవరూ అడగరు.

నన్నడిగితే ముందు కెమెరాలు అద్దెకిచ్చే చోట పనికి చేరమంటాను. అద్దె కెమెరా వెంట అటెండెంట్లు కూడా సెట్‌కి వస్తారు, వాళ్లలో ఒకడివైపో. పెట్టెలు మోయాలి, బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టాలి, రాత్రి ప్యాకప్ అయ్యాక లెన్సులన్నీ తుడిచి లెక్క చూసి సర్దాలి, మొదట్లో చేతికొచ్చేది కూడా తక్కువే. కానీ ఏ కెమెరా ఎలా పనిచేస్తుందో, ఏ బోల్టుకి ఏ అలెన్ కీ (ఆరు పలకల బోల్టు తాళం) పడుతుందో అక్కడ వచ్చినంత బాగా ఇంకెక్కడా రాదు. పైగా రోజుకో సినిమాటోగ్రాఫర్ నీ పని కళ్లారా చూస్తాడు.

ఈలోగా ఫోకస్ సాధన చెయ్. 85 ఎంఎం లెన్సు అపర్చర్ (వెలుగు లోపలికొచ్చే రంధ్రం) 1.4 దగ్గర పెట్టి, ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాతో రెండు మీటర్ల దూరంలో మనిషిని తీస్తే ఫోకస్‌లో ఉండేది నాలుగైదు సెంటీమీటర్లే, ఆ మనిషి కొంచెం ముందుకి వంగితే కళ్లు ఫోకస్ తప్పుతాయి. ఆటోఫోకస్ ఆపేసి, ఐదు మీటర్ల టేపు ఒకటి కొనుక్కుని, మీ తమ్ముణ్నో చెల్లినో నడిపించి, ముందు దూరం కంటితో అంచనా వేసి తర్వాత టేపుతో కొలిచి చూడు. నెల రోజులు రోజూ ఇలా చేస్తే నీ అంచనా ఎంత దగ్గరికొచ్చిందో నీకే తెలుస్తుంది. షాట్ నడుస్తుండగా ఫోకస్ మార్చే ఫోకస్ పుల్లర్ బతుకంతా ఆ అంచనా మీదే నడుస్తుంది.

అలాగే, సెకనుకి 24 ఫ్రేములు తీసేటప్పుడు షట్టర్ మామూలుగా 1/48 సెకను ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్ల కింద 1/50 పెడితే ఫ్లికర్ (వెలుగు మిణుకుమనడం) బెడద తగ్గుతుంది. కల్యాణ మండపాల్లో వీడియోలో చారలు కనిపించి ఉంటాయి కదా, షట్టర్ ఆ లైట్ల మిణుకుతో కుదరకపోవడమే కారణం.

నా తప్పు ఒకటి చెప్తాను. మొదటి ఏడాది బీచ్‌లో గాలికి ఎదురుగా నిలబడి లెన్సు మార్చాను. ఎండకి ఐరిస్ (అపర్చర్) బాగా మూసి తీస్తున్నాం. సాయంత్రం రూములో చూస్తే ఆకాశం కనిపించే ప్రతి షాట్‌లోనూ ఒకే చోట నల్లచుక్క. సెన్సర్ మీద ఇసుక రేణువు. మర్నాడు తెల్లవారుజామున యూనిట్ మొత్తం మళ్లీ అక్కడికే వెళ్లింది. గాలికి వీపు పెట్టి, కెమెరా మూతిని కిందికి వంచి మార్చాలని ఆ రోజే నేర్చుకున్నాను. మెమరీ కార్డు విషయంలోనూ అంతే, రెండు కాపీలు తీసి, తెరిచి చూసుకున్నాకే ఫార్మాట్ చెయ్యాలి, ఎవరెంత తొందరపెట్టినా సరే.

వైజాగ్‌లో ఉన్నావు కదా, దాన్ని వాడుకో. మనకి సూర్యుడు సముద్రం మీంచి లేచి కొండల వెనక్కి దిగుతాడు. పొద్దున్న సముద్రానికి వీపు పెట్టి నిలబడిన మనిషికి బ్యాక్‌లైట్ వస్తుంది, ముఖం చీకటైపోతుంది, వెలుగు ముఖం మీదికి తిప్పడానికి థర్మాకోల్ పట్టాలి. మధ్యాహ్నం దాటాక అదే మనిషికి ముఖం మీద వెలుగు, వెనక నీళ్లు నీలంగా. రుషికొండలో ఒకే చోట నిలబడి గంటకో ఫొటో తీసి పక్కపక్కన పెట్టుకో. హైదరాబాద్ నుంచి యూనిట్లు ఇక్కడికి వస్తూనే ఉంటాయి, ఏ టైముకి ఏ బీచ్‌లో వెలుగెలా ఉంటుందో చెప్పగలిగిన కుర్రాణ్ని వాళ్లు గుర్తుపెట్టుకుంటారు.

నాన్నగారికి ఒక గడువు చెప్పు, రెండేళ్లు అను. పెళ్లిళ్ల సీజన్లో నీ పని నువ్వు చేసుకుంటూ ఇంట్లో కొంత ఇస్తే ఆయనకూ ధైర్యంగా ఉంటుంది.

ప్రశ్న: ఇంటర్ పూర్తయింది, ఎంవీపీ కాలనీలో ఉంటాం. కెమెరా డిపార్ట్‌మెంట్‌లో బరువులు మోయాలి, ఆడపిల్లలు చేయలేరు అంటున్నారు. నిజమేనా సార్?

జవాబు: నిజం కాదమ్మా. బి.ఆర్. విజయలక్ష్మి గారు 1985లోనే తమిళంలో సినిమాటోగ్రాఫర్‌గా సినిమా చేశారు, అప్పటి ఫిల్మ్ కెమెరాలు ఇంకా బరువు. ఇప్పుడు సెట్లలో ఎక్కువగా కనిపించే అలెక్సా మినీ అనే సినిమా కెమెరా బాడీ 2.3 కిలోలే. లెన్సు, బ్యాటరీ, మిగతా సరంజామా బిగిస్తే బరువు బాగానే పెరుగుతుంది, అప్పుడు మగవాళ్లైనా ఇద్దరు కలిసే ఎత్తుతారు. నడుము, భుజాలు గట్టిపడేలా రోజూ వ్యాయామం చెయ్, చాలు.

చదవాలనుంటే హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో ఫొటోగ్రఫీ డిగ్రీ ఉంది. ఏదైనా డిగ్రీ అయ్యాకైతే పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ), కోల్‌కతా సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లలో సినిమాటోగ్రఫీ కోర్సులున్నాయి, రెండింటికీ ఎంట్రన్స్ రాయాలి. ఔట్‌డోర్ షూటింగ్ ఒప్పుకునే ముందు మాత్రం రూము ఎవరితో, రాత్రి ప్యాకప్ తర్వాత బండి ఎవరు పంపిస్తారు అన్నది ప్రొడక్షన్ మేనేజర్‌ని నేరుగా అడుగు. సరిగ్గా జవాబు చెప్పని చోటికి వెళ్లకు.