గంటె అంచు చూశావా?

మల్కాజిగిరి

బిడ్డా,

నిన్న ఫోన్‌లో నువ్వన్న మాట రాత్రంతా మనసులో తిరుగుతూనే ఉంది. "గీయడానికి ఇంట్లో ఏముంది అత్తమ్మా? నాలుగు గోడలు, స్టీలు గిన్నెలు. హంపి పోతే ఏమన్నా గీయొచ్చు" అన్నావు. హంపికి తప్పకుండా పో. కానీ సెలవు దొరికేదాకా పుస్తకం మూసి పెట్టకు. 31 ఏళ్లు బడిలో డ్రాయింగ్ చెప్పినదాన్ని, ఈ ఒక్క విషయంలో నా మాట విను.

మన కాచిగూడ ఇంటి వంటింట్లో, పొయ్యి పక్కన మేకుకి ఒక ఇత్తడి గంటె వేలాడుతూ ఉంటుంది. దాన్ని తీసి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అంచు చూడు. గుండ్రంగా ఉండదు. ఎడమ పక్క ఏటవాలుగా అరిగి, వేలితో తడిమితే గీసుకుంటుందేమో అన్నంత పలచగా ఉంటుంది. మీ నానమ్మది కుడిచేతి వాటం. ఉన్నన్నాళ్లూ ఆ గంటెతోనే పప్పు కలిపింది, అడుగంటకుండా గీకింది. గిన్నెకి ప్రతిసారీ తగిలింది ఆ ఎడమ అంచే. గంటె ఆకారం ఎవరైనా గీస్తారు. నువ్వు ఆ అరుగుదల గీయి. అది గీయాలంటే మీ నానమ్మ మణికట్టు ఎటు తిరిగేదో నీకు తెలియాలి. అది తెలిసిన రోజు చేతికి పెన్సిల్ దానంతట అదే వస్తుంది.

అరుగుదల వెతకడం మొదలుపెడితే ఇల్లంతా కనిపిస్తుంది. గడప నడిమధ్య దిగిన పల్లం, కుళాయి కింద నున్నబడ్డ షాబాద్ బండ, బీరువా తాళం చుట్టూ రంగు లేచిపోయిన చోటు, బతుకమ్మ పేర్చే తాంబాళం అడుగున గీతలు. అది పండగ అయ్యాక అటకెక్కి ఏడాదంతా అక్కడే ఉంటుంది. మీ నాన్నతో దింపించు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకో, గీసే ముందు దేన్నీ తోమకు. ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు మా అమ్మ చెంబు గీద్దామని చింతపండుతో గంటసేపు తోమాను. బంగారంలా మెరిసింది. మూడు రోజులు కూర్చుని గీశాను. అమ్మ చూసి "ఇది ఎవరి చెంబే?" అంది. నిజమే, వేళ్లు ఆనే చోట ఉండే మెరుపు, మెడ కింద పేరుకున్న నలుపు, అన్నీ నేనే కడిగి పారబోశాను. కొట్లో కొత్త చెంబుని గీసినట్టుంది. ఆ బాధ ఇప్పటికీ ఉంది నాకు.

ఫోన్‌తో ఫోటో తీసి, అది చూసి గీయకు. దగ్గర పెట్టి తీస్తే ముందున్న భాగం ఉబ్బుతుంది, వెనకది చిన్నదైపోతుంది. వస్తువు ముందే కూర్చో. వారం రోజులు ఆ గంటె ఒక్కటే, అదే మేకుకి, పొద్దున ఏడింటికి ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి. మూడో రోజుకి విసుగొస్తుంది. రానీ. గోడ మీద గంటె నీడ గంటె కన్నా పొడుగ్గా ఉందని నేను నాలుగో రోజే చూశాను.

స్టీలు గిన్నెలని తీసిపారేశావు కానీ, వాటంత కష్టమైనవి లేవు. స్టీలుకి తనదంటూ రంగు లేదు. పక్కన టమాటా పెడితే ఎర్రబడుతుంది. నువ్వు పసుపు డ్రెస్సు వేసుకుని ముందు కూర్చుంటే బిందె పొట్టలో సన్నగా, నిలువుగా ఒక పసుపు చార కనిపిస్తుంది. మొత్తం బూడిదరంగు రుద్దేస్తే బిందె చచ్చిపోతుంది. మెరిసే చోట కాగితం తెల్లగా వదిలెయ్, దాన్ని ఆనుకునే, బాగా నల్లగా పడే 6బీ పెన్సిల్‌తో గట్టి నలుపు పెట్టు.

బిందె మూతి కంటికి సమానంగా ఉంటే గీతలా కనిపిస్తుంది, కంటి కిందికి దిగేకొద్దీ ఆ గుండ్రం విచ్చుకుంటుంది. అందుకే నేల మీది బిందెకి పై వంపు కన్నా అడుగు వంపు ఎక్కువ. నా దగ్గర చదివిన పిల్లలు చాలామంది మూతి చక్కగా గీసి, అడుగున స్కేలు పెట్టినట్టు గీత కొట్టేవాళ్లు. అప్పుడిక బిందె నేల మీద నిలబడదు.

ఆ గిన్నెల మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేర్లు, తేదీలు కూడా చూడు. ఎవరి పెళ్లికి ఎవరు పెట్టారో మీ అమ్మని అడుగు. ఆమె చెప్పింది పేజీ మూలన రాసుకో. ఒక్కో గిన్నెకి ఒక్కో కథ ఉంటుంది, కొన్నిటికి తగాదా కూడా.

ఇటలీలో మోరాండి అనే చిత్రకారుడు (1890-1964) ఉండేవాడు. బొలోన్యా ఊళ్లో, చెల్లెళ్లతో ఉన్న ఇంట్లో, పడుకునే గదిలోనే కూర్చుని అవే సీసాలు, కూజాలు మార్చి మార్చి పేర్చి ఏళ్ల తరబడి వేశాడు. వాటి మీద దుమ్ము కూడా తుడవనిచ్చేవాడు కాదు. అంత దూరం ఎందుకు, మన తోట వైకుంఠం గారు బూరుగుపల్లిలో పుట్టి పెరిగారు. పెద్ద బొట్టు, నిండు చీరతో ఆయన వేసే ఆడవాళ్లు చిన్నప్పుడు తన పల్లెలో చూసినవాళ్లే.

ఊళ్లోనే ఎక్కడికైనా వెళ్లాలనిపిస్తే సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లు, శుక్రవారం తప్ప. గంటలు కొట్టే గడియారం దగ్గర జనంలో నిలబడకుండా బిద్రీ సామాన్ల దగ్గరికి పో. జింకు, రాగి కలిపి పోసి, వెండి పొదిగి, బీదర్ కోట మట్టితో నల్లబరిచిన పాన్‌దాన్‌లు, హుక్కా కుండలు ఉంటాయి. ఒకప్పుడు ఎవరో రోజూ ముట్టుకున్నవే. ఆ మ్యూజియం కూడా 1951లో మొదలైంది ఒక ఇంట్లోనే, సాలార్‌జంగుల దివాన్ దేవిడీలో. మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి 1968లో మారింది. అద్దాల వెనక ఉన్నాయి కాబట్టి నువ్వు వాటిని ఆగి చూస్తావు. మన గంటెకి అద్దం లేదు, అంతే తేడా.

ఆదివారం వచ్చేటప్పుడు గీసిన పేజీలన్నీ తీసుకురా. సరిగా రాలేదని ఏవీ చింపకు, నాకు అవీ కావాలి. నా ట్రంకు పెట్టెలో 1986లో నేను గీసిన కాగితం ఒకటి ఉంది. ఆ గంటెదే. అప్పటికి అంచు ఇంకా గుండ్రంగానే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అత్తమ్మ