ఆటోక్యాడ్ ప్లాన్ ప్రింట్‌లో స్కేల్ ఎందుకు తప్పుతుంది?

హన్మకొండలో 30×40 అడుగుల ఇంటి ప్లాన్‌ను ఆటోక్యాడ్‌లో (కంప్యూటర్‌పై ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్) గీసి ప్రింట్ తీయిస్తే 1:100 స్కేల్ (అసలు కొలతలో నూరో వంతు) కుదరలేదని ఒకరు అడిగారు. చాలాసార్లు కారణం ‘ఫిట్ టు పేపర్’ అనే ప్రింట్ సెట్టింగ్. కాగితానికి సరిపోయేలా అది బొమ్మను సాగదీస్తుంది లేదా కుదిస్తుంది.

మోడల్ స్పేస్‌లో (బొమ్మ గీసే చోటు) అసలు కొలతల్లోనే, మిల్లీమీటర్లలో గీయండి. 40 అడుగులంటే 12,192 మిల్లీమీటర్లు. లేఅవుట్‌లో (ప్రింట్ కాగితాన్ని చూపే పేజీ) వ్యూపోర్ట్‌కు, అంటే ఆ కాగితంపై బొమ్మ కనిపించే కిటికీకి, 1:100 ఇచ్చి వెంటనే లాక్ చేయండి. లాక్ మరిస్తే మౌస్ చక్రం కాస్త తిరిగినా స్కేల్ పోతుంది. బొమ్మ వ్యూపోర్ట్‌లోనే నూరో వంతుకు తగ్గింది కాబట్టి ప్లాట్ (ప్రింట్) స్కేల్ మాత్రం 1:1 ఉండాలి.

గీతలు నల్లగా రావాలంటే మోనోక్రోమ్ ప్లాట్ స్టైల్ చాలు. షాపుకు పీడీఎఫ్ ఇవ్వండి, ‘యాక్చువల్ సైజ్’లో తీయమని గట్టిగా చెప్పండి. డబ్బులిచ్చే ముందే ప్రింట్‌పై కొలిచే స్కేలు పెట్టి చూడండి: 40 అడుగుల గోడ దాదాపు 12.2 సెంటీమీటర్లు రావాలి.