విదేశీ నగరాలతో చేతులు కలపడం సరే, ముందు ఖమ్మంతో కలపండి

వేరే దేశాల నగరాలతో ఒప్పందాలు చేసుకుంటే వరదలప్పుడు మన ఊళ్లకి ఏమైనా ఒరుగుతుందా అని అడిగారు. పదకొండేళ్లుగా బెజవాడ సింగ్‌నగర్‌లో అద్దెకుంటున్నవాణ్ణి, చెప్తా వినండి. ఒరుగుతుంది. కానీ శాలువాలు కప్పుకుని ఫొటో దిగితే కాదు. మీకు ఎగువనున్న ఊళ్లో మీ ఫోన్ నంబరు తెలిసిన మనిషొకరు ఉండాలి. నాకు ఆ మనిషి ఖమ్మంలో మున్నేరు నది పక్కన ఉండే మా పిన్ని.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. ముందురోజంతా కుండపోత. మొగల్రాజపురంలో కొండచరియలు పడి మనుషులు పోయారన్న కబురుతోనే పడుకున్నాం. తెల్లారేసరికి పిన్ని ఫోను. "ఒరే, మున్నేరు మా వీధి చివరకొచ్చేసింది. మేం మేడెక్కాం. మీరూ సామాన్లు సర్దుకోండి." నేను నిద్రమత్తులో, "మున్నేరుకీ మాకూ ఏం సంబంధం పిన్నీ, కృష్ణ కూడా మాకు దూరమే" అని పెట్టేశాను. కాసేపటికి మా ఆవిడ కేక. నీళ్లు వీధిలోంచి రాలేదండీ, బాత్రూం తూములోంచి వెనక్కి తన్నాయి. గబగబా ఫ్రిజ్‌ని మంచమ్మీదకెక్కించాం. మధ్యాహ్నానికి ఆ ఫ్రిజ్ మంచం దిగి హాల్లో తిరుగుతోంది.

తర్వాత ఐదు రోజులు పైన ఓనరుగారింట్లోనే. డ్రోను తెచ్చిన పొట్లం పక్క డాబా మీద పడితే, వాళ్లు తాడు కట్టి మాకు విసిరారు. నలుగురికీ ఒక్కటే ఫోను, అందులో పదిహేను శాతం ఛార్జింగు. ఆ పదిహేనులో ఐదు మాత్రం పిన్నికి దాచాం. మరి ఆవిడ ముందే చెప్పింది కదా.

నా మాట ఎంత తెలివితక్కువదో నీళ్లు తీశాక గాని అర్థం కాలేదు. మా సింగ్‌నగర్‌ని ముంచింది బుడమేరు అనే వాగు. అది మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేట్లో కలుస్తుంది. దాని వరద ఊరి మీదకి రాకుండా వెలగలేరు దగ్గర లాకులు కట్టి, డైవర్షన్ కాలవలోంచి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలోకి మళ్లించారు. కృష్ణలో చోటుంటే బాగానే ఉంటుంది. కృష్ణే నిండుకుండలా ఉంటే? కాలవ నీళ్లు వెనక్కి తంతాయి, అచ్చం మా బాత్రూంలాగే. ఆ కాలవ కట్టకి మూడు గండ్లు పడ్డాయి, పూడ్చడానికి సైన్యం రావాల్సొచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఏకంగా 11.43 లక్షల క్యూసెక్కులు. అదంతా మున్నేరు నీళ్లే అనను, సాగర్ నుంచి, పులిచింతల నుంచి దిగిందీ ఉంది. కానీ మున్నేరు కృష్ణలో కలిసేది బ్యారేజీకి ఎగువనే. హైదరాబాదు హైవేని ఐతవరం దగ్గర ముంచింది కూడా ఆ మున్నేరే.

ఇప్పుడు మీరడిగిన విదేశాల సంగతి. 1986 నవంబరు 1న స్విట్జర్లాండులో బాసెల్ పక్కన సాండోజ్ కంపెనీ రసాయనాల గోదాము తగలబడింది. మంటలార్పిన నీళ్లు పురుగుమందులతో సహా రైన్ నదిలో పడ్డాయి. నది ఎర్రబడింది, దిగువన జర్మనీలో చేపలు గుట్టలుగా చచ్చాయి, ఆ కింద నెదర్లాండ్స్‌లో నదినుంచి తాగునీళ్లు తోడుకోవడం ఆపేశారు. కబురు సరిగా అందలేదని పెద్ద గోల. తమాషా ఏంటంటే, రైన్ కోసం ఆ దేశాలకి 1950 నుంచే ఉమ్మడి కమిషన్ ఉంది! కమిషన్ ఉన్నంత మాత్రాన ఫోను మోగదన్నమాట. దెబ్బ తిన్నాక హెచ్చరిక కేంద్రాల్ని గట్టిపరిచారు, ఎగువ కేంద్రం దిగువ కేంద్రానికి చెప్పి తీరాలి. 1995లో నదులు పొంగినప్పుడు నెదర్లాండ్స్‌లో సుమారు 2.5 లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు. వాళ్లవి దేశాలు వేరు, భాషలు వేరు. మనకి భాషా ఒకటే, చుట్టరికాలూ ఉన్నాయి, మధ్యలో 2014లో గీసిన గీత ఒక్కటే ఎక్కువ.

లెక్కలు లేక కాదు. నదుల మట్టాలు కేంద్ర జలసంఘం వెబ్‌సైట్లో పెడుతూనే ఉంటుంది. తెల్లవారుజామున కరెంటు లేని ఇంట్లో ఆ పేజీ తెరిచి, క్యూసెక్కుల్ని మన గుమ్మం ఎత్తులోకి మార్చుకునేదెవరు? "ఖమ్మంలో ఇంత ఉంది, సాయంత్రానికి మీకు ఇంతొస్తుంది" అని ఆ మున్సిపాలిటీ ఉద్యోగి మా వార్డు ఉద్యోగికి ఒక్క ముక్క చెప్తే చాలు. దానికి విమానం టిక్కెట్లు అక్కర్లేదు.

పనిలో పనిగా ఇంకోటి. కింద అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు ఇస్తామన్నారు. లెక్క రాసుకోవడానికొచ్చినాయన ఆధార్ చూసి, "ఇది పాత అడ్రసు, ఓనర్ని పిలవండి" అన్నాడు. ఓనరుగారిది పై అంతస్తు, మునగనే లేదు! గోడ మీద నడుమెత్తున బురద గీత చూపిస్తుంటే ఆయన ఆధార్ వైపే చూస్తాడు. మూడుసార్లు తిరిగాక మా పేరు ఎక్కింది. స్కూటరుకైతే పైసా రాలేదు, ఇంజన్లోకి నీళ్లెళ్తే పాలసీలో లేదట.

ఇప్పుడు మా బిల్డింగు వాట్సాప్ గ్రూపులో పిన్నిని కూడా చేర్చాం. మున్నేరు ఖమ్మంలో 16 అడుగులైతే మొదటి హెచ్చరిక, 24 అయితే రెండోది. ఆవిడ పన్నెండు దగ్గర్నుంచే మొదలెడుతుంది. మొన్న వానలకి రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టింది: "పదమూడు. ఫ్రిజ్ పైకెక్కించారా?"