డాక్టర్ సలహా: ఈఎస్ఐ భృతి అందుకుంటూ ఊరు వెళ్లవచ్చా?

ప్రశ్న: పటాన్‌చెరులోని ఒక ఫ్యాక్టరీలో ప్రెస్ ఆపరేటర్‌ని. ఆరు వారాల క్రితం డ్యూటీలో ఉండగా ఇనుప డై (అచ్చు దిమ్మ) కాలిమీద పడి మోకాలి కింది ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఈఎస్ఐ (కార్మికుల బీమా పథకం) నుంచి డబ్బు అందుతోంది. పది రోజుల్లో శ్రీకాకుళం దగ్గర మా ఊళ్లో చెల్లెలి పెళ్లి. ఊరు దాటితే డబ్బు ఆపేస్తారని తోటివాళ్లు అంటున్నారు. ఈ కాలితో అంత దూరం వెళ్లవచ్చా?

జవాబు: మీ తోటివారు చెప్పింది సగమే నిజం. పనిలో గాయపడి కొంతకాలం పనికి వెళ్లలేని కార్మికుడికి సగటు రోజు వేతనంలో 90 శాతం చొప్పున ఇచ్చే ఈ భృతికి ఈఎస్ఐ కొన్ని షరతులు పెట్టింది. భృతి తీసుకుంటున్నవారు చికిత్సలో కొనసాగాలి, కోలుకోవడానికి అడ్డువచ్చే పనేదీ చేయకూడదు, పిలిచినప్పుడు వైద్య పరీక్షకు రావాలి, డాక్టరు అనుమతి లేకుండా చికిత్స జరుగుతున్న ప్రాంతం విడిచి వెళ్లకూడదు. ఆ ‘అనుమతి లేకుండా’ అన్న మాటే మీవాళ్లు వదిలేశారు.

కాబట్టి రేపే డిస్పెన్సరీకి వెళ్లి, ఏ తేదీన బయల్దేరుతున్నారో, ఎక్కడ ఉంటారో, ఎప్పుడు తిరిగి వస్తారో డాక్టరుగారికి చెప్పి, అనుమతిని నోటిమాటగా కాకుండా మీ కాగితాల్లో రాయించుకోండి. ఇంకా పనికి వెళ్లలేరని డాక్టరు ఇచ్చే తర్వాతి సర్టిఫికెట్ తీసుకోవాల్సిన రోజు ప్రయాణంలో పడుతుందేమో కూడా అప్పుడే అడగండి. అడిగితే కాదంటారేమోనని చెప్పకుండా వెళ్లి, తర్వాత సంజాయిషీ ఇవ్వలేక అవస్థపడినవారిని నేను చూశాను.

ఇక కాలి సంగతి. ఇది నాకు డబ్బుకన్నా ముఖ్యం. బయల్దేరే ముందు ఎక్స్‌రే తీయించి, విరిగినచోట కొత్త ఎముక కడుతోందో లేదో, కాలిమీద ఎంత బరువు మోపవచ్చో మీకు ఆపరేషన్ చేసిన సర్జన్‌ను అడగండి. రాడ్ ఉన్నంత మాత్రాన ఎముక అతికినట్టు కాదు.

రాత్రంతా సాగే ప్రయాణంలో నేను ఎక్కువగా భయపడేది పిక్కలోని లోతు సిరల్లో రక్తం గడ్డకట్టడం గురించి. కాలు విరిగి ఆపరేషన్ అయినవారికి మొదటి మూడు నెలల్లో ఈ ముప్పు ఎక్కువ. మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాల్సిన బస్సు వద్దు. రైల్లో కింది బెర్తు, అందులోనూ వెస్టర్న్ టాయిలెట్‌కు దగ్గరగా ఉన్నది తీసుకోండి, ఎందుకంటే ఊగే రైల్లో గొంతుక్కూర్చోవడం మీ కాలికి పనికిరాదు. పడుకున్నప్పుడు మడమ కింద దుప్పటి మడిచి పెట్టి కాలిని కాస్త ఎత్తులో ఉంచండి. మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి పాదాన్ని పైకీ కిందికీ ఇరవైసార్లు ఆడించండి. టాయిలెట్‌కు లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేయవద్దు. రక్తం పలచబడే మందు రాసి ఉంటే ఒక్క డోసు కూడా తప్పించకండి. ఒక్క పిక్కే ఉన్నట్టుండి వాచి, వేడిగా, నొప్పిగా ఉన్నా, ఆయాసమో గుండెలో పోటో వచ్చినా పెళ్లి అయ్యేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

పెళ్లి ఇంట్లో అన్నగా మీరు కుర్చీలో కూర్చుంటే ఎవరూ తప్పుపట్టరు. కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, గ్యాస్ సిలిండరు మోయడం, ఊరేగింపులో గెంతడం ఇప్పుడు వద్దు. బైకు వెనక కూర్చుని బంధువుల ఇళ్లకు వెళ్లిన ఒక రోగి గతుకుల రోడ్డు మీద పడి, రాడ్‌లోని స్క్రూ విరగ్గొట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఊళ్లో ఎవరి దుకాణంలోనో కూలికి కూర్చోవడం కూడా కుదరదు, పనిచేసిన రోజుకు ఈ భృతి రాదు.

డిశ్చార్జ్ సమ్మరీ, తాజా ఎక్స్‌రే, ఈఎస్ఐ కార్డు, మందులు ఒకే సంచిలో పెట్టి చేతికి అందేచోట ఉంచుకోండి. తిరుగు టికెట్ ఇప్పుడే తీసుకోండి. వచ్చిన మర్నాడే డిస్పెన్సరీలో కాలు చూపించి తర్వాతి సర్టిఫికెట్ తీసుకోండి.