డ్రైయర్ తిరుగుతోంది, బట్టలు మాత్రం ఆరట్లేదు

సెలవులకు హైదరాబాద్ వస్తే చాలు, అమెరికా ఎక్కబోయే మా కూకట్‌పల్లి చుట్టాల పిల్లలు చుట్టూ చేరతారు. బ్యాంకు అకౌంటు, క్రెడిట్ కార్డు, ప్రెషర్ కుక్కర్... అన్నీ అడుగుతారు గానీ డ్రైయర్ ఊసెత్తరు. ఇక్కడ డాబా మీద దండెం ఉంది, ఎండ ఉంది, ఎందుకు గుర్తొస్తుంది? వెళ్లాక వాట్సాప్‌లో మొదలవుతుంది: "అన్నా, రెండుసార్లు తిప్పినా తడిగానే ఉన్నాయి."

ముందు వాషర్‌ని అనుమానించండి. బట్టలు నీళ్లు కారుతూ బయటికొస్తుంటే స్పిన్ సరిగా అవ్వలేదు. ఇంకోసారి స్పిన్ పెట్టండి.

ఆ తర్వాత గాలి. లోపల ఎంత వేడి ఉన్నా, తేమగాలి బయటికి పోకపోతే బట్టలు ఆరవు. జల్లెడలా ఉండే లింట్ ఫిల్టర్‌లో నూగు ప్రతి లోడుకీ తీయాల్సిందే. బట్టలు మెత్తగా ఉండాలని లోడుతో పాటు వేసే డ్రైయర్ షీట్లు వాడేవాళ్లకి ఈ ఫిల్టర్ మీద కనపడని పొర పేరుకుంటుంది. కుళాయి కింద పట్టినప్పుడు నీళ్లు దిగకుండా నిలిస్తే, సబ్బుతో రుద్ది కడిగి, ఆరాక పెట్టండి. ఫిల్టర్ బాగానే ఉంటే, మెషీన్ నడుస్తుండగా బయట గోడకున్న వెంట్ (తేమగాలి బయటికొచ్చే రంధ్రం) దగ్గర చెయ్యి పెట్టి చూడండి. గాలి నీరసంగా వస్తోందంటే వెనకున్న 4 అంగుళాల గొట్టం నలిగి ఉండాలి, లేదా నూగుతో పూడిపోయి ఉండాలి. దీన్ని మాత్రం వాయిదా వేయొద్దు. ఆ నూగు ఇట్టే అంటుకుంటుంది, డ్రైయర్ల వల్ల ఇళ్లు కాలడం అక్కడ కొత్త కాదు.

గాలి బాగా వస్తున్నా చల్లగా ఉందా? సెట్టింగు వేడి లేకుండా ఉత్త గాలే తిప్పే 'ఎయిర్ ఫ్లఫ్' మీద ఉందేమో చూడండి. అక్కడి ఎలక్ట్రిక్ డ్రైయర్‌కి 240 వోల్టులు కావాలి. కరెంటు బోర్డులో దానికుండే జంట బ్రేకర్‌లో ఒక పక్క పోతే డ్రమ్ము తిరుగుతుంది, వేడి రాదు. బ్రేకర్ పూర్తిగా ఆఫ్ చేసి ఆన్ చేయండి. మళ్లీ పడిపోతే ఇక ముట్టుకోవద్దు. అద్దె ఇల్లయితే స్క్రూడ్రైవర్ తీయకుండా మెయింటెనెన్స్ రిక్వెస్ట్ పెట్టండి. మెషీన్ ఇంటి ఓనర్లదైతే రిపేరు కూడా సాధారణంగా వాళ్లదే.

నిజానికి మన కుర్రాళ్ల ఇళ్లలో సగం గొడవ నలుగురి జీన్సులూ దుప్పటితో కలిపి కుక్కడం వల్లే. దుప్పటి అన్నిటినీ చుట్టేసుకుంటుంది, మధ్యలోవి ఆరవు. మరీ రెండు చొక్కాలే వేసినా ఆటో మోడ్‌లో తేమ కనిపెట్టే సెన్సార్‌కి సరిగా తగలవు, ముందే ఆగిపోతుంది. అప్పుడు టైమర్ మీద పెట్టుకోండి. అమ్మ సర్దిన కాటన్ చుడీదార్లు మాత్రం అసలు వేయొద్దు, కుంచించుకుపోతాయి. ఒక స్టాండు కొనుక్కుని దాని మీద ఆరేసుకోండి.

యూకే, జర్మనీ వెళ్లేవాళ్లకి చాలా ఇళ్లలో గోడకి వెంటే ఉండదు. బట్టల్లోని నీరు మెషీన్‌లోని ట్యాంకులో చేరుతుంది. అది నిండితే మెషీన్ మధ్యలో ఆగిపోతుంది, కాబట్టి ప్రతిసారీ పారబోయండి.