అప్పని అప్ప అనే రాయి

అమ్మలూ,

నీ కథ అందింది. సాయంత్రం వీధరుగు మీద కూర్చుని ఒకసారి, రాత్రి భోజనాలయ్యాక ఇంకోసారి చదివాను. భువనేశ్వర్ హాస్టల్లో ఇల్లు గుర్తొచ్చి రాశానన్నావు. చదివిందంతా ఒడియా మీడియం, తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర నేర్చుకున్నవే, తప్పులుంటాయేమోనని టెన్షన్‌గా ఉందన్నావు. తప్పులున్నాయి. కొన్నిచోట్ల ఒత్తులు జారిపోయాయి. గంటసేపు కూర్చుంటే అవన్నీ దిద్దుకోవచ్చు. నాకు బాధ కలిగింది వాటివల్ల కాదు.

ఏడు పేజీల్లో నన్ను ఆపేసిన వాక్యం ఒక్కటే ఉంది. మామ్మ బజార్లో ఒడియాలో బేరమాడి, ఇంటికొచ్చాక తెలుగులో విసుక్కునేదని రాశావే, అది. అక్కడ మీ మామ్మ నాకు కనబడింది. కొంగుముడి విప్పుతూ ‘కెతే?’ అనడం, కొట్టువాడు ధర చెప్పగానే పక్కకి తిరిగి ‘వీడి దుంప తెగ’ అని గొణుక్కోవడం నువ్వు రాయకపోయినా వినబడ్డాయి. ఆ వెంటనే ఆవిణ్ణి వదిలేసి, జన్మభూమి పిలుపు, గుండెలో గూడు కట్టుకున్న జ్ఞాపకాలు అంటూ రెండు పేజీలు నడిపావు. ఆ మాటలు ఏ ఊరికైనా అతుకుతాయి. మామ్మ విసుగు మీ ఇంటిది.

చిన్నరైలు గురించి కూడా రాశావు. నౌపడ నుంచి గుణుపూరు వెళ్ళే ఆ నేరోగేజి బండి 2004లో ఆగిపోయింది, తర్వాత బ్రాడ్‌గేజి వేశారు. అప్పటికి నువ్వు పుట్టనే లేదు. మరి అందులో కిటికీ పక్కన కూర్చున్నదెవరు? మీ నాన్నే అయుంటారు. అలాంటప్పుడు నాన్ననే రాయి. ఆ బండి సంగతి ఎప్పుడు చెప్తారు, అన్నం తింటూనా, నిన్ను భువనేశ్వర్ బస్సెక్కించేటప్పుడా? చెప్తూ చెప్తూ ఎక్కడ ఆగిపోతారు? ఆ బెంగ ఆయనది. ఆయన గొంతులోంచి వస్తేనే నేను నమ్ముతాను.

నా సంగతొకటి చెప్తాను. ఇరవయ్యేళ్ళప్పుడు మా అప్ప మీద కథ రాసి ఒక వారపత్రికకి పంపాను. అచ్చయింది. పేజీ తిప్పి చూస్తే అప్ప అన్న ప్రతిచోటా అక్క అని మార్చేశారు. ‘ఏటే’ అన్నది ‘ఏమిటే’ అయింది. అచ్చులో పేరు చూసుకున్న సంతోషంలో నాకది పెద్ద విషయంగా తోచలేదు. పరుగున వెళ్ళి అప్పకి చదివి వినిపించాను. అప్ప పొయ్యి ముందు కూర్చుని, చేతిలో గరిటెతో, చివరిదాకా వింది. విని, “బాగుందే, ఈ అక్కెవరు?” అనడిగింది. ఎగతాళికి కాదు, నిజంగానే తెలీక అడిగింది. నలభై ఏళ్ళు దాటినా ఆ ప్రశ్నకి జవాబు చెప్పుకోలేక ఉన్నాను.

గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో మాస్టారుగా చేరింది మన పర్లాకిమిడిలోనే. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి, బళ్ళలోకి రావాలని అంత పోరాటం చేసిన మనిషి, కొండల్లో సవరల మాట కూడా నేర్చుకుని దానికి నిఘంటువు రాశారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమై మన ఊరు అందులోకి వెళ్ళినప్పుడు, డెబ్బై దాటిన వయసులో ఆయన ఇక్కణ్ణించి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఎన్నేళ్ళ కాపురం వదిలి వెళ్ళారో చూడు.

మా తాత వెళ్ళలేదు. ఇల్లూ పొలమూ ఇక్కడే. ఊరు కదలకుండానే రాష్ట్రం మారింది, బడి మారింది, పిల్లల పుస్తకాలు మారాయి. సొంతింట్లో ఉండి కూడా ఇంటిమీద బెంగ పెట్టుకోవచ్చని మా నాన్నని చూసి తెలుసుకున్నాను. పాతపట్నం వైపు వెళ్ళినవాళ్ళెవరైనా తెలుగు పేపరు తెస్తే, ప్రకటనలతో సహా ఒక్క అక్షరం వదలకుండా చదివేవారు. చదివేసింది కూడా పొట్లాలకి ఇవ్వనిచ్చేవారు కాదు. ట్రంకుపెట్టె కింద మడతలు పెట్టి దాచేవారు. నువ్వు హాస్టల్లో పడుతున్న బాధ మీ ఇంట్లో నీకంటే ముందే ఉంది అమ్మలూ. ఈసారి సెలవలకి వచ్చినప్పుడు అదెక్కడుందో వెతుకు. మీ అమ్మ నీకు అక్షరాలు ఏ పుస్తకం పెట్టి దిద్దించిందో, ఎవరూ అడక్కపోయినా ఎందుకు దిద్దించిందో అడుగు. నోట్సు రాసుకోకు, ఊరికే విను. తిరిగి వెళ్ళాక ఏం గుర్తుంటే అది రాయి.

ఒడియా మాట వస్తే రానీ. పక్కన అర్థం ఇవ్వొద్దు. మామ్మ ‘కెతే’ అంటే ఏం అడుగుతోందో చిల్లర తీస్తున్న చెయ్యి చూస్తే తెలుస్తుంది. రాసింది పైకి చదువు, గదిలో వేరే పిల్లలున్నా సరే. ఎక్కడ నీ గొంతు రేడియో వార్తల్లా మారుతుందో, అక్కడ కొట్టెయ్. మొదట్లో పేజీలకి పేజీలు పోతాయి, బెంగపడకు. నావీ పోయాయి.

ఆ రెండు పేజీలూ తీసేసి, మామ్మ బజారు నుంచి వచ్చిన పూట ఒక్కటే మళ్ళీ రాసి పంపు. గుమ్మంలో బుట్ట దించిందని రాశావు గానీ, అందులో ఏం తెచ్చిందో రాయలేదు. దేనికంత విసుక్కుందో నాకు తెలుసుకోవాలనుంది.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ