‘దయచేసి’లో దయ ఎవరిది?

ప్రశ్న: మా ఆఫీసులో ఒకాయన పై అధికారికి ‘దయచేసి నాకు రెండు రోజులు సెలవు కావాలి’ అని మెయిల్ రాశారు. వాక్యం తప్పన్నాను. ‘దయచేసి’ లేకుండా పెద్దవాళ్లకు రాయడం మర్యాద కాదని ఆయన అంటున్నారు. ఎవరిది ఒప్పు?

సమాధానం: వ్యాకరణం మీ వైపే ఉందమ్మా, మరీ గట్టిగా మాత్రం కాదు. ‘చేసి’ క్త్వార్థకం, అంటే ముందు జరిగే పనిని చెప్పే అసమాపక క్రియ. ‘సమానకర్తృకయోః పూర్వకాలే’ అన్నాడు సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని. అంటే రెండు పనులకూ కర్త ఒకరే ఉండాలి. ఇక్కడ దయ చేయాల్సింది అధికారి, సెలవు కావాల్సింది మీ సహోద్యోగికి. అయితే ‘వాన కురిసి చెరువు నిండింది’ అని అందరం అంటాం, అక్కడ కర్తలు ఇద్దరు. కార్యకారణాలు కలిసినచోట తెలుగు ఆ సూత్రాన్ని చూసీచూడనట్టు వదిలేస్తుంది. మీ సహోద్యోగి వాక్యానికి ఆ వెసులుబాటు ఇవ్వడానికి నాకు మనసొప్పడం లేదు.

అసలు ‘దయచేయు’ అంటే ఇచ్చుట. ఆ మాట సొగసు చూడాలంటే పోతన దగ్గరికే వెళ్లాలి. మథురలో కృష్ణుడు సుదాముడనే మాలాకారుడి ఇంటికి వస్తాడు. పూలు కట్టి బతికే మనిషి, ఏం కావాలో కోరుకోమంటే ఇలా అడిగాడు:

నీ పాదకమల సేవయు
నీ పాదార్చకులతోడి నెయ్యమును నితాం
తాపార భూతదయయును
తాపసమందార! నాకు దయసేయఁ గదే!

అడిగినవి మూడు. మూడోది సాటి ప్రాణుల మీద దయ. ఆ దయనే దయసేయమంటున్నాడు! వేడికోలంతా చివర క్రియలో పెట్టాడు. ఆ ‘గదే’లో ఉన్న బతిమాలుకోలు చూడండి, పద్యం మొదట్లో వంద ‘దయచేసి’లు పేర్చినా అది రాదు.

మనమేమో దాన్ని వాక్యం తలకాయకు తగిలించే స్టిక్కర్ చేశాం. ‘దయచేసి వెంటనే పంపండి, దయచేసి ఆలస్యం చేయకండి’ అని ఒకే మెయిల్‌లో రెండుసార్లు చదివితే మర్యాద సంగతి అటుంచి టెన్షన్ పుడుతుంది. తెలుగులో మర్యాద క్రియలోనే ఉంటుంది. ‘పంపండి’లో ఉంది, ‘పంపుతారా?’లో ఇంకాస్త ఉంది. పక్క సీటాయనను ‘కాస్త ఆ ఫైలు ఇస్తారా?’ అంటే చాలదూ! సర్క్యులర్లలో ‘హాజరు కాగలరు’ అని రాస్తారు, అది విన్నపమో, జోస్యమో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

‘దయచేయండి’ అంటే రండి అనీ అర్థం. ‘ఇక దయచేయండి’ అంటే వెళ్లమని. గొంతును బట్టి అర్థం మారుతుంది కనుక పై అధికారి దగ్గర జాగ్రత్త.

మీ సహోద్యోగిని ‘దయచేసి రెండు రోజులు సెలవు ఇవ్వండి’ అని రాసుకోమనండి. సెలవు రాకపోతే ఆ పూచీ నాది కాదు.